అవ్వ తిప్పనివ్వని పేజీ

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చేసరికి మా మేనకోడలు ప్రియ గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పొద్దున బస్సులో ఒక్కతే వచ్చిందట. ఒళ్లో ఒక గుడ్డసంచి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. "ఇంటికి సున్నాలేస్తా ఉండాం అత్తా. ఇది నీకిమ్మన్నాడు నాన్న" అంది. ఇంకేమైనా చెప్పాడా అని అడిగాను. "ఏం జెప్పలా" అంది. చెప్పడని నాకూ తెలుసు. మా తమ్ముడు సామేలు నాతో మాట్లాడి రెండేళ్లు దాటింది. నా కూతురి పెళ్లికి వాడు రాలేదు. రాలేదని నేను అలిగాను. ఇంటికొచ్చి పిలవలేదని వాడు అంతకుముందే అలిగి ఉన్నాడు. అలకల విషయంలో మా వంశానికి మంచి పేరే ఉంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.

సంచిలో ఉన్నది మా అవ్వ బైబిలు. నల్ల అట్ట, వెన్ను చినిగితే నాయన సైకిలు ట్యూబు ముక్క కోసి అంటించిన అతుకు, లోపల కిరసనాయిలూ కర్పూరమూ కలిసిన వాసన. చేతిలోకి తీసుకోగానే దానంతటదే ఒకచోట విచ్చుకుంది. అక్కడ ఒక చీపురు పుల్ల పెట్టి ఉంది. ఆ పేజీ మిగతా పేజీల కంటే బాగా మాసింది. కింది మూల దగ్గర నా బొటనవేలి మరక, పద్నాలుగేళ్ల వయసులో రోజూ అదే చోట అదే వేలు పెట్టి చదివితే పడిన మరక. ఆ పేజీ దగ్గర మా ఇల్లు మొత్తం నలభై రోజులు ఆగిపోయింది. ప్రియకు అన్నం పెట్టి, సాయంత్రం బస్సెక్కించి, వచ్చి మళ్లీ అదే పేజీ ముందు కూర్చున్నాను.

మా అవ్వ పేరు దీనమ్మ, మా నాయన తల్లి. చదువు రాదు, సంతకం కూడా వేలిముద్రే. ఉదయగిరిలో కొండ కింద మా ఇల్లు. పక్కింట్లో చెక్క గరిటెలు చెక్కేవాళ్లు. వాళ్ల చెక్కపొట్టు గంపకెత్తుకొచ్చి అవ్వ పొయ్యి రాజేసేది, అందుకే మా ఇంట్లో తెల్లవారడమంటే ఆ పచ్చిచెక్క పొగ వాసన. కోళ్లను వదిలిపెట్టేది, వాకిలి చిమ్మేది, పాలు దించేది. తరవాత చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, పీట వాల్చుకుని కూర్చుని నన్ను పిలిచేది: "పాపా, రా మే. చదువు." వాక్యం వినేటప్పుడు అవ్వ చేతుల్లో ఏ పనీ ఉండకూడదు. మా అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వినేది, నాయన గడ్డం గీసుకుంటూ వినేవాడు. అవ్వకు అది గిట్టేది కాదు. తను మాత్రం రెండు చేతులూ మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని, ఎవరో ఏదో ఇస్తే పుచ్చుకోవడానికి వచ్చినట్టు కూర్చునేది. "గట్టినేల మీద ఎంత వాన బడినా పారిపోతాది మే. ముందు దున్నుకోనుండాల" అనేది. మెట్టచేలో సజ్జలు చల్లి మబ్బు కేసి చూసిన మనిషి, ఆమెకు తెలిసిన లెక్క అదే.

చదవడం పది నిమిషాల పని. కష్టమంతా ఆ తరవాత. నేను ముగించగానే అవ్వ అడిగేది, "సరే. ఇయ్యాల మనల్ని ఏం జెయ్యమన్నాడు?" ఒక్క ముక్కలో చెప్పాలి. చెప్పింది ఆ రోజు చెయ్యాలి. చేస్తేనే మర్నాడు ముందుకు, చెయ్యకపోతే మర్నాడు కూడా అదే భాగం. ఇదీ అవ్వ పెట్టిన కట్టడి. చదివిన చోట గుర్తుకు చీపురులోంచి ఒక పుల్ల లాగి తనే పెట్టేది, ఆ పుల్ల తను తీస్తేగానీ నేను పేజీ తిప్పకూడదు. రేపటి గురించి చింతపడవద్దన్న చోట ఒకసారి మేము ఆరు రోజులు చిక్కుకున్నాం. ఆరో రోజు సాయంత్రం దాకా అవ్వ బాగానే నిలదొక్కుకుంది గానీ, నాయన బడిలో పాఠాలు ముగించుకుని రావడం ఆలస్యమయ్యేసరికి వీధిలోకీ ఇంట్లోకీ తిరగడం మొదలుపెట్టింది. మర్నాడు ఏడోసారి చదివాను. వంశావళి వచ్చినప్పుడు ఇక చెయ్యడానికి ఏముంటుందిలే, అన్నీ పేర్లేగా అని నేను సంబరపడ్డాను. అవ్వ కాసేపు ఆలోచించి, "ఇంతమంది పేర్లు గుర్తుపెట్టుకున్నాడు జూడు. మనకు కొండ మీంచి కట్టెలు తెచ్చే ఆడోళ్ల పేర్లన్నా తెలవవు గదే" అంది. ఆ రోజు కట్టెలమోపుతో మా వీధిన పోయిన ప్రతి మనిషినీ నిలబెట్టి పేరు అడిగించింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇప్పటికీ వాళ్లలో ముగ్గురి పేర్లు చెప్పగలను.

ఇలా సాగుతుండగా ఒక వేసవిలో ఆ పేజీ వచ్చింది. కానుక పట్టుకుని దేవుడి దగ్గరికి వచ్చినప్పుడు, నీ తోడబుట్టినవాళ్లకు నీ మీద ఏదైనా మనసులో ఉందని గుర్తుకొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు పోయి సమాధానపడి రమ్మనే భాగం. చదివి తలెత్తాను. ఎప్పుడూ వెంటనే వచ్చే ప్రశ్న ఆ రోజు రాలేదు. అవ్వ చేతులు మోకాళ్ల మీంచి తీసి చీరె కుచ్చిళ్లు సర్దుకుంది. "పొయ్యి మీద సంగటి జూడు పో" అని నన్ను లేపేసింది.

ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వకు ఒక చెల్లెలు, మా చిన్నవ్వ రూతమ్మ, ఆత్మకూరులో ఉండేది. ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. కారణం వాళ్లమ్మ తిరగలి. ఆమె పోయినప్పుడు సామాన్లు పంచుకుంటూ, అమ్మ నా దగ్గర ఉండి పోయింది గాబట్టి తిరగలి నాదని అవ్వ అందట. అడిగితే ఇచ్చేదాన్నే, అడక్కుండా నాదంటావా అని చిన్నవ్వ, పై రాయిని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కేసింది. కింది రాయి మాకు మిగిలింది. తిరగలి అన్నాక రెండు రాళ్లూ ఒకచోట ఉంటేనే పప్పు విరుగుతుంది, పిండి అవుతుంది. ఆ సంగతి తెలిసిన ఇద్దరు ఆడవాళ్లు తొమ్మిదేళ్లు చెరో రాయి దాచుకుని, పెసలు మిల్లుకు పంపించుకుంటూ బతికారు. మా కింది రాయి పెరటి గుమ్మం దగ్గర నీళ్లబిందెకు పీట అయింది. అవ్వ దాన్ని కాలితో తాకితే మాత్రం వంగి మొక్కేది.

మర్నాడు అదే పేజీ. ఆ మర్నాడూ అదే. వారం గడిచింది. "అత్తా, ఆత్మకూరు పోయిరాగూడదా?" అని మా అమ్మ ఒకసారి నెమ్మదిగా అడిగి చివాట్లు తినింది. "దానికి నా మీద ఉండాదేమో, నాకు దాని మీద ఏం లేదు" అంది అవ్వ. వాక్యంలో ఉన్నది కూడా సరిగ్గా అదే కదా అని నేను నోరు జారాను. అవ్వ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పోవడానికి మనసొప్పదు, పేజీ తిప్పడానికి కట్టడి ఒప్పదు. పైగా అవ్వ అంతటితో ఆగలేదు. మా సంఘంలో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేవాళ్లు. నెలాఖరుకు పాస్టరయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, ఇంటింటికీ వచ్చి పోయించుకునేది. అవ్వ తనకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ పిడికెడు మానలేదట. ఆ పేజీ వచ్చిన పూట నుంచి మానేసింది. కానుక అక్కడే వదిలెయ్యమన్నాడు కదా, వదిలేసింది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో కూడా పాలుపుచ్చుకోలేదు. రొట్టె పళ్లెం తన వరసకు వచ్చినప్పుడు పక్కామెకు అందించి తల దించుకుంది. ఇంటికొచ్చాక ఆ మధ్యాహ్నం అవ్వ అన్నం తినలేదు. అవ్వ ఏదో పెద్ద తప్పు చేసిందని గుడి బయట గుసగుసలు మొదలయ్యాయి. నాకు అవ్వ మీద కోపం, అవ్వను అన్నవాళ్ల మీద ఇంకా కోపం.

నలభయ్యో రోజున నాయన వేళాకోళంగా, "అమ్మా, నలభై దినాలైనాయి. ఇంక ఏసయ్య మాదిరి అరణ్యంలోంచి బయటికి రా" అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. ఆ మర్నాడు నేను చెయ్యకూడని పని చేశాను. పీట వాల్చుకుని అవ్వ కూర్చుంది, చేతులు వెల్లకిలా పెట్టుకుంది, నాలుగేళ్ల సామేలు ఎప్పటిలాగే ఆమె ఒళ్లోకి ఎక్కాడు. నేను పుల్ల తీసేసి పేజీ తిప్పి, తర్వాతి పేజీ మొదటి నుంచి చదివాను. చదువుతున్నంతసేపూ ఎప్పుడు ఆపుతుందోనని ఓరకంట చూస్తూనే ఉన్నాను. అవ్వ ఆపలేదు. అంతా అయ్యాక గొంతు తగ్గించి అడిగింది, "ఏం జెయ్యమన్నాడు?" ఆ పేజీలో ఉన్నది ధర్మం రహస్యంగా చెయ్యమని, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని. అదే చెప్పాను. అవ్వ తలూపి లేచిపోయింది.

అప్పుడు నా బుర్రకు తట్టింది, పేజీ తిప్పడం తప్పు కాదు, దేవుడే తిప్పించాడని. రహస్యంగా చెయ్యమన్నాడుగా! అమ్మ ఇంటి వెనక బట్టలు ఆరేస్తుంటే బానలోంచి రెండు చేటల బియ్యం తీసి దేవుడి డబ్బాలో పోసి మూత పెట్టాను. ఎడమచేతికి తెలియకూడదని దాన్ని వీపు వెనక పెట్టుకుని, ఒక్క కుడిచేత్తోనే పోశాను. సగం కింద పడితే ఏరి కోళ్లకు వేశాను. అవ్వ పరువు కాపాడానని, వాక్యం కూడా నెరవేర్చానని రెండు రోజులు నా అంత భక్తురాలు ఉదయగిరిలో లేదనుకున్నాను.

నెలాఖరున అమ్మగారు వచ్చింది. అవ్వ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, తలుపు దగ్గర నిలబడి చెప్పింది: "ఈ నెల నా డబ్బాలో ఏం లేదమ్మగారూ. నన్నేమీ అడగబాకండి."

అమ్మగారు ఏమీ అడగలేదు. అయినా ఊరికే మర్యాదకన్నట్టు గూట్లోంచి డబ్బా దించి, ఆశ్చర్యపోయింది. "ఇంత బరువుందే దీనమ్మా! నాతో వేళాకోళమా?" అని మూత తీసి చూపించింది. అంచుల దాకా బియ్యం.

అవ్వ డబ్బాలోకి చూసింది, తరవాత నావైపు చూసింది. అమ్మగారు సంచి విప్పుతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇయ్యి నా బియ్యం గాదమ్మగారూ. తీసకబోబాకండి" అంది. పాపం ఆమె అయోమయంగా మజ్జిగ తాగేసి వెళ్లిపోయింది. నేను పెరట్లోకి పరిగెత్తి కింది రాయి పక్కన గోడకానుకుని కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. అవ్వ వచ్చి బిందె దించి ఆ రాయి మీదే కూర్చుంది. అవ్వ దాని మీద కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి.

"నువ్వేనా పోసింది?"

"ఊఁ. రహస్యంగా జెయ్యమన్నాడు గదవ్వా" అన్నాను, ఏడుపు తన్నుకొస్తుంటే.

అవ్వకు నవ్వొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు అలాగే ఏడుపయింది. నా ఎరుకలో అవ్వ ఏడవడం అదే మొదలు. "పేజీ నువ్వు దిప్పినావు. నీది పిల్లతనం. తిప్పినావని తెలిసి ఊరకుండినాను జూడు, నన్నేమనాల? ఆ పొద్దు నాకు ఎంత హాయిగా ఉన్నిందో తెలుసునా మే? అమ్మయ్య, తప్పిందిలే అనుకున్నా. నలభై దినాలు పొడిచి పొడిచి లేపినాడు. పొడవడం మానేస్తే సంతోషపడినాను. అంతకంటే చెడిపోయేది ఏముండాది?" అంది. ఆ మాటలు ఆమె నాతో చెప్పిందో, తనతో చెప్పుకుందో తెలియదు. కాసేపటికి ముక్కు చీదుకుని లేచి, "రేపు పొద్దున బస్సుకు పోదాం. నువ్వు రా. సామేలును గూడా తీసకపోదాం. బిడ్డలుంటే అది చెంబు విసరదు" అంది.

నెల్లూరు బస్సు ఆత్మకూరు మీదుగా పోయేది. దారి పొడుగునా అవ్వ కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. దిగాక బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతు పక్క సందులో నడుస్తూ రెండుసార్లు ఆగి, "ఇంట్లో లేదేమో మే, తిరిగి పోదామా" అంది. చిన్నవ్వ ఇంట్లోనే ఉంది. గుమ్మంలో చాప పరుచుకుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన కోళ్లగంప, దాని మీద బరువుకు మా పై రాయి. అవ్వ కళ్లు ముందు దాని మీదే పడ్డాయి.

చిన్నవ్వ తల ఎత్తి చూసి మళ్లీ చింతపండులోకి దించింది. "రాయి కోసం వచ్చినావా?" అంది.

"రాయి కోసం గాదు. వాక్యం పొమ్మనింది, వచ్చినాను."

"ఓహో. వాక్యం పొమ్మంటే వచ్చినావా? నువ్వుగా రాలేదా?"

"నేనుగా అయితే వచ్చేదాన్నా?" అంది అవ్వ. "తొమ్మిదేండ్లు రాలేదు గదా. నా సంగతి నీకు తెలవదా?"

చిన్నవ్వ చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. నేను సామేలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "అడిగుండాల్సింది నేను. అమ్మది నాదన్నాను. తప్పే" అంది అవ్వ, ఎండలోనే నిలబడి. చిన్నవ్వ చింతపండు చేతులతోనే మొహం తుడుచుకుని, కళ్లల్లో పులుసుపడి మండితే, "ఇది గూడా నీవల్లే" అని అక్కను తిట్టి, "చెప్పులిప్పి లోపలికి రా. బిడ్డలు ఎండకు మాడిపోతా ఉండారు" అంది. ఆ మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాం. తినేసరికి కొత్త తగాదా మొదలైంది. పై రాయి తీసుకుపొమ్మని చిన్నవ్వ, వద్దు కింది రాయే తెచ్చి నీకిస్తానని అవ్వ. ఈసారి ఇద్దరి గొంతులూ వీధి చివరికి వినిపించాయి. ఎవరూ తగ్గలేదు. చివరికి అయిందేమిటంటే, చిన్నవ్వ రెండు నెలలకోసారి పై రాయిని సంచిలో వేసుకుని ఉదయగిరి వచ్చేది, వారం రోజులు ఉండి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పెసలు విసురుకునేవాళ్లు, మళ్లీ రాయి తీసుకుని వెళ్లిపోయేది. ఇంత బరువు ఎందుకు మోస్తావని కండక్టరు అడిగితే, రాయి ఇక్కడే వదిలేస్తే మళ్లీ రావడానికి నాకు పనేముంటుంది అనేదట.

ఆత్మకూరు నుంచి వచ్చిన మర్నాడు అవ్వ నాచేత ఆ భాగమే మళ్లీ చదివించింది. ఏం చెయ్యమన్నాడని అడిగి, చెప్పాక, పుల్ల తన చేత్తో తీసి పేజీ తనే తిప్పింది. నేను పోసిన బియ్యాన్ని ఆ పూట వండి కట్టెల ఆడవాళ్లకు పెట్టింది, పేర్లు పెట్టి పిలిచి.

ఇప్పుడు నాకు వాక్యం రోజూ ఫోనులో వస్తుంది. తెల్లవారకముందే, పూల బొమ్మల మీద, రంగురంగుల అక్షరాల్లో. ఒక్కోరోజు ఏడెనిమిది. వచ్చింది వచ్చినట్టు చెల్లెళ్లకీ వదినలకీ సంఘంలో వాళ్లకీ పంపిస్తాను, చేతులు జోడించిన బొమ్మ పెడతాను, కాఫీ పెట్టుకుంటాను. ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెబుతాను. ఏడాదిలో బైబిలు మొత్తం చదివే పట్టికలు నాలుగుసార్లు పూర్తిచేశాను. మా అవ్వ జీవితం మొత్తంలో నాలుగు సువార్తలూ ఒక్కసారైనా అయ్యాయో లేదో. ఆ పట్టికల్లో ఈ పేజీ నాలుగుసార్లూ వచ్చే ఉంటుంది. ఒక్కసారీ ఆగలేదు. నాకు అంతా హాయిగానే ఉంది.

ఆదివారం సాయంత్రం ఆ పేజీ ముందు కూర్చుని, చీకటి పడేలోగా ఒక సంగతి గమనించాను. పుల్ల కొత్తది. అవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది, ఆమె పెట్టిన పుల్ల ఏనాడో పొడిపొడి అయి ఉంటుంది. ఇది ఈమధ్యే చీపురులోంచి లాగినది, మొదలు దగ్గర ఇంకా పచ్చదనం పోలేదు. ఒళ్లో కూర్చుని విన్న నాలుగేళ్లవాడికి గుర్తుంది. చదివిన పిల్లకు గుర్తులేదు.

సోమవారం సెలవు చీటీ పంపి, బైబిలు సంచి పట్టుకుని పొద్దున బస్సెక్కాను. దారిలో రెండుసార్లు దిగిపోదామనిపించింది. ఉదయగిరిలో ఇంటి ముందు సున్నం డబ్బాలు, బయట పడేసిన మంచాలు. సామేలు లుంగీ ఎగ్గట్టి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని నిచ్చెన మీద ఉన్నాడు. నెరిసిన గడ్డం మీద సున్నపు చుక్కలు. నన్ను చూసి దిగలేదు.

"ఏందక్కా, వాక్యం పొమ్మనిందా?" అన్నాడు గోడవైపు చూస్తూనే.

"నేనుగా అయితే వచ్చేదాన్నారా" అన్నాను. నిచ్చెన కాలు పట్టుకుని పైకి చూశాను.

వాడు కుంచె డబ్బాలో పెట్టి మెల్లగా దిగాడు. చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "పాప పెండ్లికి నేను రాలేదు" అన్నాడు.

"నేను పిలవలేదు గదరా. ఫోనులో కార్డు పంపి ఊరుకున్నాను. తప్పు నాదే, సామేలూ."

వాడు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నా చేతిలోంచి సంచి అందుకుని, అందులో బైబిలు బరువు చూసి, లోపలికి నడిచాడు. నేను చెప్పులిప్పి వాడి వెనకే వెళ్లాను.